అప్‌డేట్: డాబా మీద బెలూన్ ఆర్చ్ నిలబడింది

మా అన్నయ్య కూతురి మొదటి పుట్టినరోజుకి శ్రీకాకుళంలో డాబా మీద బెలూన్ ఆర్చ్ కట్టాలి, బెలూన్లని గాల్లో తేల్చే హీలియం గ్యాస్ కావాలా, ఎండకి పేలిపోవా అని ఇక్కడ అడిగాను కదా. హీలియం అక్కర్లేదు, మామూలు గాలి చాలు అని చెప్పిన వాళ్లందరికీ చాలా థాంక్స్. ఆర్చ్ బ్రహ్మాండంగా వచ్చింది!

అన్నిటికన్నా పనికొచ్చిన సలహా, 12 అంగుళాల బెలూన్‌ని 10 అంగుళాలకే ఊది ఆపేయమన్నది. అట్టపెట్టెకి 10 అంగుళాల కన్నం కోసి, ప్రతి బెలూన్‌నీ అందులో దూర్చి కొలిచాం. నిండా ఊదితే రబ్బరు బిగిసిపోతుంది, వేడికి లోపలి గాలి పెరగగానే టప్పుమంటుంది. కాస్త తగ్గిస్తే సాగడానికి చోటుంటుంది, గుండ్రంగానూ ఉంటుంది.

రెండేసి ముడేసి, రెండు జతల్ని మెలిపెట్టి నాలుగేసి గుత్తులు చేశాం. మా వదిన చెయ్యి పూలదండ కట్టినట్టే చకచకా ఆడింది. వంచిన ప్లాస్టిక్ పైపుకి గుత్తులు ఎక్కించి, పైపు చివర్లు ఇసుక నింపిన పెయింట్ బకెట్లలో పాతాం. సాయంత్రం గాలి జోరుగా ఉంటుందని పిట్టగోడకి నైలాన్ తాడుతో కూడా లాగి కట్టాం.

ఎండ తగిలితే బెలూన్ల మెరుపు పోయి మసకబారతాయి. అందుకే గదిలో ఊది ఉంచి, పొద్దు వాలాకే పైకి తెచ్చాం. ముదురు రంగులు వేడిని ఎక్కువ పీలుస్తాయని లేతవే తీసుకున్నాం.

పేలిన ముక్కలు మాత్రం ఎప్పటికప్పుడు ఏరేయండి. పాకే పిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి, చాలా ప్రమాదం. మా అమ్మ ఆ పని మీదే ఉంది.