సొవెటో ఫోటో కింద ‘అల్లర్లు’ అని రాయవచ్చా?

ప్రశ్న: దక్షిణాఫ్రికాలోని సొవెటోలో ఫోటోగ్రాఫర్ సామ్ ఎన్జిమా 1976 జూన్ 16న తీసిన ఫోటోకి తెలుగు క్యాప్షన్ కావాలి. ముసాయిదాలో ‘సొవెటో అల్లర్లలో మృతి చెందిన బాలుడు’ అని ఉంది. పక్క పేరాలో ‘షూట్ చేసి, నెగటివ్‌ను మేజోడులో దాచాడు’ అని ఉంది. సరిచేయగలరా?

జవాబు 1: ‘అల్లర్లు’ తీసేయండి. ఆ మాట వినగానే తప్పు గుంపుదే అనిపిస్తుంది. ఆ రోజు ఊరేగింపుగా బయల్దేరింది బడిపిల్లలు. లెక్కలు, సాంఘిక శాస్త్రం తెల్ల పాలకుల భాష అయిన ఆఫ్రికాన్స్‌లో చెప్పాలన్న 1974 నాటి ఉత్తర్వు మీద వాళ్ళ కోపం. బోధనభాష గొడవ ఇది, మనకి తెలియనిదేం కాదు. ఫోటో మళ్ళీ చూడండి. డంగరీలు వేసుకున్న కుర్రాడు, తూటా తగిలిన హెక్టర్ అనే బాలుణ్ణి రెండు చేతులా మోస్తున్నాడు. యూనిఫాంలో ఉన్న హెక్టర్ అక్క చెయ్యి పైకెత్తి పక్కనే పరుగెడుతోంది. ఇందులో అల్లరి చేస్తున్నదెవరు?

ఇంకోటి, ‘మృతి చెందిన’ అంటే చంపిందెవరో మాయమైపోతుంది. ‘పోలీసులు’ అనే కర్త వాక్యంలో ఉండి తీరాలి.

జవాబు 2: ‘అల్లర్లు’ లాంటి మాటకి అక్కడ చట్టం తోడు కూడా ఉండేది. 1985 నవంబరులో అత్యవసర పరిస్థితి ఉన్న జిల్లాల్లో ‘అశాంతి’ని ఫోటో తీయకూడదని నిషేధం పెట్టారు. అందులో సమ్మె, బహిష్కరణ కూడా కలిపేశారు. అంటే సర్కారు పెట్టిన పేరే కెమెరా మూయించే ఆయుధం. మన దగ్గర మన్యం పోరాటాన్ని దొరల కాగితాలు ‘పితూరీ’ అన్నాయి, మనమూ చాలాకాలం అలాగే అన్నాం. ‘సొవెటో తిరుగుబాటు’ అనండి.

జవాబు 3: ‘తిరుగుబాటు’ ఆ తర్వాత నెలల తరబడి సాగినదానికి సరిపోతుందండి. ఈ ఫ్రేము నాటి పొద్దుటికి మాత్రం ‘నిరసన ప్రదర్శన’ అన్నదే నిజం. తిరుగుబాటు అంటే కాల్పులకి ముందే కారణం చూపినట్టవుతుంది. స పలుకుతో ‘నిరసన’ అని రాయండి, ‘నిరశన’ అంటే తిండి మానడం. ‘ప్రతిఘటన’ వ్యాసం పేరుకి బాగుంటుంది, క్యాప్షన్‌కి బరువు.

జవాబు 4: పక్క పేరా సంగతి. కాల్పుల ఫోటో దగ్గర ‘షూట్ చేసి’ అని రాయొద్దు, చదివేవాడు తుపాకీ అనుకుంటాడు. ‘ఫోటో తీసి’ చాలు. ‘నెగటివ్’ కూడా తప్పే. ఫిల్ము కడిగితేనే నెగటివ్ అయ్యేది. ఆయన మేజోడులో దాచింది ఇంకా కడగని రీలు. ఈ తేడాలోనే ప్రమాదమంతా ఉంది. తీసిన ఫ్రేములు కెమెరాలో రెండో వైపు చుట్టుకుని ఉంటాయి. వెనక్కి తిప్పి రీలు డబ్బాలోకి లాగకముందే పోలీసు వెనక తలుపు తెరిస్తే వెలుతురు పడి అవి నల్లబడిపోతాయి. వెనక్కి చుట్టి, బయటికి తీసి, దాచి, కొత్త రీలు ఎక్కించాలి, అదీ పోలీసు చేయి కెమెరా మీద పడకముందే.

దక్షిణాఫ్రికాకే చెందిన మరో ఫోటోగ్రాఫర్ పీటర్ మగుబానే గురించీ రాస్తుంటే ఒక మాట. 1956లో జీరస్ట్ అనే ఊళ్ళో ఆయన కెమెరాని గుల్ల చేసిన రొట్టెలో దాచి ఫోటోలు తీశారు. ఉత్త ‘రొట్టె’ అంటే మనవాళ్ళకి జొన్నరొట్టె కళ్ళ ముందుకొస్తుంది, అందులో ఆయన లైకా కెమెరా ఎలా పడుతుంది? ‘లోపల తొలిచిన బ్రెడ్డు’ అని రాయండి.

ప్రశ్న వేసినవారు: అందరికీ నమస్కారం. క్యాప్షన్ ఇలా మార్చాను: ‘1976 జూన్ 16, సొవెటో. ఆఫ్రికాన్స్ మాధ్యమంపై నిరసన తెలిపిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. తూటా తగిలిన హెక్టర్ పీటర్సన్‌ను మోసుకెళుతున్న ఎంబుయిసా మఖుబో, పక్కన అక్క ఆంత్వనెత్. ఫోటో: సామ్ ఎన్జిమా.’

జవాబు 3: ‘అక్క’కి ముందు ‘హెక్టర్’ అని చేర్చండి. లేకపోతే మఖుబో అక్క అనుకుంటారు.