సమస్య: గాలి నమ్ముకొనిన కంట నీరు

నిర్వాహకులు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ముచ్చటపడి ఉంచుకున్న ఎయిర్‌గన్‌ను అమ్ముకుని బాధపడటమే విషయం కావాలి. 'గాలిని నమ్ముకొనిన' అంటారో, 'గాలిన్ అమ్ముకొనిన' అంటారో మీ ఇష్టం. ఎలా విరిచినా ఆ గాలి ఎక్కడిదో పద్యంలోనే తెలియాలి. గన్ను, రైఫిలు లాంటి మాటలకు అభ్యంతరం లేదు.

పాలకొల్లు నుంచి:

తండ్రి కొన్న గన్ను దాచియుంచక నేను
ధరకు లొంగి నాఁడు దాని నిడితి
గోడ మేకుఁ జూడ గుండె చివుక్కను
గాలి నమ్ముకొనిన కంట నీరు.

కల్పన కాదండీ. బ్యారెల్ మడిచి గుండు పెట్టే పాత రకం. లోపల తోలు వాషరు. దానికి అప్పుడప్పుడు నూనె చుక్క వేయకపోతే ఎండిపోయి, దెబ్బలో పస ఉండదు. ఆ పని నాన్నదే. బుగ్గ ఆనించే చోట చెక్క నున్నగా అరిగి, చుట్టూ ఉన్నదానికంటే నల్లబడి ఉండేది. లైసెన్సు అక్కర్లేని చిన్న గన్ను కదా, చేతులు మారుతూ పోయింది. ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలియదు.

నిర్వాహకులు: మూడో పాదం అదిరింది. 'గోడ మేకు' ఒక్కటి చాలు, ఖాళీ అంతా కనిపిస్తోంది. కానీ నాలుగో పాదంలో గాలి ఊడిపడ్డట్టుంది. మీరు అమ్మింది గన్ను. అది గాలి ఎలా అయిందో చెప్పలేదు. మూడో పాదం ఇలా ఉంటే?

గుండు నడుపు బలము గొట్టాన దాచిన

కోదాడ మాస్టారు: నిర్వాహకులు గారూ, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) సరే, విషయం తప్పింది. స్ప్రింగు గన్నులో గాలి దాచి ఉండదు. బ్యారెల్ మడిచినప్పుడు నొక్కుకుపోయేది స్ప్రింగు. ట్రిగ్గర్ లాగాక పిస్టన్ ముందుకు దూకుతుంది. గాలి నలిగేది ఆ క్షణంలోనే. పాలకొల్లు గారి గన్నుకు 'దాచిన' అనే మాట చెల్లదు. 'గుండు వెనుక నొక్కి గొట్టాన నుఱికించు' అనండి. గు–గొ యతీ నిలుస్తుంది.

పాలకొల్లు నుంచి: మాస్టారూ, దండాలు. కానీ మేకును వదులుకోలేను. రెండో పాదంలోకి దించాను:

తండ్రి కొన్న గన్ను దాచియుంచక నేను
ధరకు నిడఁగ మేకు దండగాయె
గుండు వెనుక నొక్కి గొట్టాన నుఱికించు
గాలి నమ్ముకొనిన కంట నీరు.

నిర్వాహకులు: 'మేకు దండగాయె'! ముందుదానికంటే ఇదే బాగుంది.

డాలస్ తమ్ముడు: నేను 'నమ్ముకొనిన' వైపు వెళ్లాను.

మరల వలయునన్న మాకె యిచ్చెదనన్న
మాట విని తుపాకి మంచి ధరకు
నిచ్చి వగచుచుంటి నితని నోటను వచ్చు
గాలి నమ్ముకొనిన కంట నీరు.

కోదాడ మాస్టారు: భేష్ తమ్ముడూ! నోట్లోంచి వచ్చే గాలి! అడిగితే తిరిగిస్తానన్న మనిషి ఇప్పుడు ఫోన్ ఎత్తడు, అంతేనా? ఒక్క పేచీ. మొదటి పాదంలో 'మాకె', మూడో పాదంలో 'వగచుచుంటి'. మేము, నేను కలిసిపోయాయి. 'చుంటి మితని' అందామంటే యతి పోతుంది.

డాలస్ తమ్ముడు: గన్ను ఇంటిది కాబట్టి 'మాకె', ఏడుపు నా ఒక్కడిది కాబట్టి 'చుంటి' అని సమర్థించుకుంటాను మాస్టారూ. 'మంచి ధర' కూడా కావాలనే వేశాను. డబ్బు తక్కువొచ్చిందని కాదు బాధ.

నిర్వాహకులు: సమర్థన బలహీనం, పద్యం బలం. ఉండనిద్దాం.

గచ్చిబౌలి నుంచి: ఒకప్పుడు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసు చేసేదాన్ని.

చుక్కఁ గొట్టు రైఫి లక్కర కమ్మితి
చదువు ఫీజు కట్టఁ జాలనైతి
పతక మందె నొకతె పట్టి నా రైఫిలే
గాలి నమ్ముకొనిన కంట నీరు.

కోదాడ మాస్టారు: అమ్మా, మొదటి పాదంలో ప్రాసయతి (మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలవడం: చుక్క–లక్క) ముచ్చటగా కుదిరింది. 'చుక్క' కూడా అతికినట్టుంది. పది పాయింట్ల గురి నిజంగా చుక్కే, అర మిల్లీమీటరు. గుండు చూస్తే 4.5 మిల్లీమీటర్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. అయితే గాలి సంగతి ఇక్కడా చెప్పలేదు. మీ రైఫిలుకు సిలిండరు ఉంటుంది కదా, 200 బార్ల ఒత్తిడి దాకా గాలి నింపుతారు. ఇందాక నేను కొట్టేసిన 'గొట్టాన దాచిన' పాదం మీకు సరిగ్గా సరిపోయేది.

గచ్చిబౌలి నుంచి: అది పెడితే పతకం పాదం పోతుంది మాస్టారూ. ఈ పద్యం రాసిందే దానికోసం.

నిర్వాహకులు: మార్చకండి. ఆ కన్నీరు కుళ్లో, సంతోషమో తెలియకపోవడమే ఇందులో అందం. గాలి లోటు మాత్రం లోటే.

గోదారిగట్టు: తిరునాళ్లలో బుడగలు కాల్పించే అంగడి మనిషి గొంతుతో రాశాను.

బుడగలోన గాలి, బోరులో గాలియె
పొట్టకూడు పెట్టెఁ బూర్వమందు
అప్పువాని కిచ్చి యంగడి మూసితి
గాలి నమ్ముకొనిన కంట నీరు.

నిర్వాహకులు: ఈ వారం నా ఓటు దీనికే. బుడగలోదీ గాలే, గన్నులోదీ గాలే. ఆ గాలినే నమ్ముకుని బతికాడు, ఆ గాలినే అమ్ముకున్నాడు. రెండు విరుపులూ ఒకేసారి పలికింది ఈ ఒక్క పూరణలోనే. 'బూర్వమందు' మాత్రం గణాలు నింపడానికి వేసిన మాట. 'బూటపూట' (పూటపూట) అనండి, యతి అలాగే ఉంటుంది, ఆకలీ వినిపిస్తుంది.

కోదాడ మాస్టారు: రెండో పాదంతో వాక్యం ముగిసింది కనుక 'అప్పు' దగ్గర విసంధి (సంధి చేయకుండా వదిలేయడం) అని పట్టుకోను. కానీ అప్పువాడికి ఇచ్చేయడం అమ్మకం ఎలా అవుతుంది?

గోదారిగట్టు: 'పూటపూట' తీసుకుంటున్నానండి. అప్పువాడు గన్ను పట్టుకెళ్లి, వాడికి తోచిన రేటు కట్టి బాకీలో జమ వేసుకున్నాడు మాస్టారూ. మా వైపు దాన్ని అమ్మకమే అంటారు, బేరం ఆడే వీలు ఉండదంతే.

కోదాడ మాస్టారు: అయితే ఒప్పుకున్నాను.