చెన్నై స్టాన్లీ గవర్నమెంట్ ఆసుపత్రిలో లివర్ మార్పిడి చేయించుకున్నవాళ్ళు ఉన్నారా?

సూళ్ళూరుపేట_కోడలు:
మా మామగారికి సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడి పాడైపోయే జబ్బు. పది రోజులకోసారి కడుపులో నీళ్ళు తీయిస్తున్నాం. లివర్ మార్చాల్సిందే అన్నారు. చెన్నైలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చెప్పిన ఖర్చు విని మా ఆయన మెట్ల మీదే కూలబడిపోయారు. గవర్నమెంట్ ఆసుపత్రిలో కూడా చేస్తారని రాయపురంలో ఉన్న మా ఆడపడుచు అంటోంది. నిజమేనా?

వన్నారపేట_తమ్ముడు:
నిజమే అక్కా. మా నాన్నకు స్టాన్లీలోనే చేశారు. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జీహెచ్‌లోనూ (గవర్నమెంట్ జనరల్ ఆసుపత్రి) చేస్తారు. మాకు ముఖ్యమంత్రి బీమా కార్డు ఉంది కాబట్టి ఆపరేషన్‌కి పైసా అడగలేదు. డోనర్ మా అన్నే. మొదట ఫ్యాటీ లివర్ ఉందని వాడిని వెనక్కి పంపేశారు. అన్నం మానేసి, రోజూ తెల్లారకుండానే నడిచి మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు. రెండోసారి స్కాన్ చూసి డాక్టర్‌గారు సరేనన్నాక, క్యాంటీన్‌లో ఇడ్లీ ముందు పెట్టుకుని ఏడ్చాడు. ఇప్పుడు ఇద్దరూ బాగున్నారు. కొత్త లివర్‌ను ఒళ్ళు తిప్పికొట్టకుండా నాన్న టాక్రోలిమస్ అనే మాత్ర పొద్దున, రాత్రి వేళ తప్పకుండా వేసుకోవాలి, జీవితాంతం.

పెరంబూర్_వాసి:
మాకు ఇచ్చేవాళ్ళు లేరు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ లివర్ కోసం ఎదురుచూసేవాళ్ళ లిస్టులో అమ్మ పేరు రాయించాం. 2008లో తమిళనాడు ఈ పద్ధతి మొదలుపెట్టింది, దేశానికే దారి చూపింది. 2023 నుంచి అవయవాలిచ్చినవాళ్ళకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తున్నారు. అయినా సరిపడే లివర్ రావాలి కదా. అమ్మ ఆగలేకపోయింది. నా బాధ ఒక్కటే, కామెర్లు వచ్చాక ఆకుపసరు పోయిస్తూ ఏడాది పాడుచేశాం. దయచేసి ఆలస్యం చేయకండి.

సూళ్ళూరుపేట_కోడలు:
మామగారి రేషన్ కార్డు ఆంధ్రాది. ఇక్కడ పనికొస్తుందా?

వన్నారపేట_తమ్ముడు:
ఈ బీమాకు తమిళనాడు రేషన్ కార్డు, ఆదాయ సర్టిఫికెట్ ఉండాలక్కా. మీది ఆంధ్రా కార్డు కాబట్టి ముందు మీ ఊరి దగ్గరి ఆరోగ్యమిత్రను కలిసి, ఏ ఆసుపత్రిలో ఎంతవరకు ఇస్తారో అడగండి. పేరు రాయించడం మాత్రం దానికోసం ఆపొద్దు. ఇంట్లోవాళ్ళ బ్లడ్ గ్రూప్ కూడా చూసుకోండి. భార్య, పిల్లలు, తోబుట్టువులు ఇస్తే అనుమతి తేలిక. దూరపు చుట్టాలైతే కమిటీ ముందుకు వెళ్ళాలి.

సూళ్ళూరుపేట_కోడలు:
మామగారిదీ మా ఆయనదీ ఒకటే గ్రూప్, ఓ పాజిటివ్. ఆయన ఇస్తానంటున్నారు, మా అత్తగారు వద్దని ఒకటే ఏడుపు. లివర్‌లో ముక్క కోసిచ్చినా మిగిలింది మళ్ళీ పెరుగుతుందని మీ అన్నగారు ఆవిడకు ఫోన్‌లో ఒక్క మాట చెప్తారా తమ్ముడూ?

వన్నారపేట_తమ్ముడు:
చెప్తాడక్కా. నంబర్ మెసేజ్‌లో పెట్టండి. డ్యూటీ నుంచి ఎనిమిదికి వస్తాడు.