ఫారంలో నాన్న పేరు ఉంది, ఇప్పుడు పెళ్లయింది. వీలునామా రాస్తే చాలా?

ప్రశ్న (ఉండేది అమెరికాలోని షార్లెట్ ఊళ్లో, మాది విజయవాడ పటమట)
అమెరికా వచ్చి ఏడు నెలలైంది. ఉద్యోగంలో చేరిన రోజు 401కె (ఇక్కడి కంపెనీల రిటైర్మెంట్ పొదుపు ఖాతా), కంపెనీ ఇన్సూరెన్స్ ఫారాల్లో బెనిఫిషియరీ అంటే నామినీయేలే అని నాన్న పేరు పెట్టేశాను. పోయిన నెల పెళ్లయింది. ఊరెళ్లినప్పుడు వీలునామా రాస్తే సరిపోతుందా?

జవాబు
సరిపోదు తమ్ముడూ. నాది గుంటూరు, చనువుగా చెప్తున్నా. మన దగ్గర నామినీ అంటే మామూలుగా డబ్బు అందుకుని వారసులకు అప్పజెప్పే మనిషి. 2023 డిసెంబరులో షేర్ల విషయంలోనూ సుప్రీంకోర్టు అదే చెప్పింది. (బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత అమ్మానాన్నలు, భార్యాపిల్లలు నామినీలైతే లెక్క వేరు.) ఇక్కడ అమెరికాలో బెనిఫిషియరీ అంటే ఆ డబ్బు ఆ మనిషిదే. వీలునామాలో ఇంకోలా రాసినా ఫారందే పైచేయి. 2009లో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చిన కేసులో, విడాకుల్లో హక్కు వదులుకున్న మాజీ భార్యకే సుమారు 4 లక్షల డాలర్లు వెళ్లాయి. ఆయన ఫారం మార్చలేదు మరి!

401కె సంగతి కొంచెం నయం. పెళ్లయ్యాక అది భార్యకే వెళ్తుంది, ఆవిడ నోటరీ ముందు వద్దని సంతకం పెడితే తప్ప. కొన్ని ప్లాన్లలో పెళ్లయి ఏడాది నిండాలి, అడుగు. ఇన్సూరెన్స్‌కు ఆ రక్షణ లేదు, ముందు అది మార్చు. నాన్నగారిని రెండో వరసలో పెట్టుకో.

ఊళ్లో ఆస్తికి వీలునామా కావాల్సిందే. అది లేకపోతే హిందూ వారసత్వ చట్టంలో నీ తర్వాత అమ్మ, భార్య, పిల్లలు. నాన్న ఆ మొదటి వరసలో లేరు!

రాశాక మార్పులతో జాగ్రత్త. మా నాన్న బ్రాడీపేటలో కూర్చుని, రిజిస్టరైన వీలునామాలో ఒక లైను ఆకుపచ్చ ఇంకుతో కొట్టేసి, పక్కన ‘ఈ స్థలం చిన్నమ్మాయికి’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టారు. సాక్షులు లేరు. ఆయన పోయాక లాయర్‌కు చూపిస్తే, కొట్టేసిన లైను చదవడానికి వస్తోంది కాబట్టి అదే చెల్లుతుందన్నాడు. స్థలం నాకొచ్చింది. చెల్లెలికి నేను గిఫ్ట్ డీడ్ రాసిచ్చా, స్టాంపు డ్యూటీ కట్టి. నాన్న ఇద్దరు సాక్షులతో కోడిసిల్ (వీలునామాకు మార్పుల అనుబంధం) రాసుంటే ఆ ఖర్చు ఉండేది కాదు. దానికి రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు.

ఇంకొక జవాబు
అన్న చెప్పింది కరెక్ట్. పిల్లలు పుడితే మైనర్ పేరు నేరుగా పెట్టకు, కోర్టు గార్డియన్ గొడవ. ఇండియాలో బ్యాంకు డిపాజిట్లకు 2025 నవంబరు 1 నుంచి నలుగురు నామినీలను పెట్టొచ్చు, అమ్మానాన్నల ఖాతాలు కూడా ఓసారి చూసుకో.

మళ్లీ నేనే
థాంక్స్ అన్నా, అక్కా. ఇప్పుడే లాగిన్ అయి చూశా. ఇన్సూరెన్స్‌లో నాన్న పేరు పక్కన రిలేషన్ ‘స్పౌజ్’ అని ఉంది.