40 వేలలో కచేరీలు వినడానికి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు: కోనసీమ ఇంటికి ఏవి నప్పుతాయి?

ప్రశ్న (కొత్తపేట నుంచి)

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగ విరమణ చేసిన హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. ముప్పై ఏళ్లుగా పోగుచేసుకున్న కచేరీ క్యాసెట్లను మా అబ్బాయి ఓపికగా కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చాడు. వాటిలో ఎక్కువ భాగం మన శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గాత్రం, ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణ, ఆయన శిష్యులు, కాకినాడవారైన చిట్టిబాబు గారి వీణ. ఇన్నాళ్లూ వీటిని టీవీ కింద పెట్టుకున్న సౌండ్‌బార్‌లో వింటున్నాను. సాహిత్యం స్పష్టంగానే వినబడుతుంది గాని, మీటిన తరవాత తీగలో మిగిలే నాదం, గమకంలో స్వరం సాగే తీరు ఎక్కడో మధ్యలో తెగిపోతున్నట్టు ఉంటుంది.

స్పీకర్లు, యాంప్లిఫైయర్, తీగలు అన్నీ కలిపి 40,000 రూపాయలు దాటకూడదని అనుకుంటున్నాను. వినే చోటు మేడ మీది గది: 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు, పైన శ్లాబు, కింద గ్రానైటు. గోడలో సిమెంటు అరలు ఉన్నాయి కాబట్టి, పేరే బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కదా అని, వాటిని అక్కడే సర్దుదామని నా ఆలోచన. నేను కూర్చునే కుర్చీ అక్కడికి తొమ్మిది అడుగుల దూరంలో ఉంటుంది. పట్నంలో ఒక దుకాణంలో అడిగితే, 5,000 వాట్లు అని అట్ట మీద అచ్చు వేసిన పెట్టె చూపించి ఇంతకు మించినది లేదన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. యాంప్లిఫైయర్ లోపలే ఉన్నవి కొనాలా, విడిగా ఉన్నవి కొనాలా, ఊఫర్ (మంద్ర ధ్వనులు పలికే పెద్ద కోన్) ఎంత పెద్దది ఉండాలి, మన చెమ్మకు ఏవి తట్టుకుంటాయి అన్నవి నా సందేహాలు.

జవాబు (కాకినాడ నుంచి)

మాస్టారూ, మీరు నమ్మకపోవడమే మంచిదయింది. ఆ 5,000 అన్నది పీఎంపీఓ, అంటే క్షణకాలపు గరిష్ఠ శక్తి అని చెప్పుకునే లెక్క. దానికి ఒక కొలత పద్ధతంటూ లేదు. అడగవలసింది ఆర్ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇవ్వగల వాట్లు ఎన్ని అని, అంతకంటే ముందు స్పీకరు సెన్సిటివిటీ ఎంత అని. ఈ తరగతి స్పీకర్లకు అది సాధారణంగా 85 నుంచి 88 డెసిబెళ్ల (ధ్వని గట్టితనానికి కొలత) మధ్య ఉంటుంది. 86 ఉన్న స్పీకరుకు ఒక్క వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో 86 డెసిబెళ్లు పలుకుతుంది. మీ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మహా అయితే తొమ్మిది తగ్గుతుంది, రెండు స్పీకర్లు కలిసి మూడు పెంచుతాయి, అంటే ఒక్క వాటుతోనే మీకు 80 దాకా వినబడుతుంది. ఇంట్లో హాయిగా వినడానికి 75 సరిపోతుంది. మృదంగం తని ఆవర్తనంలో ఒక్కసారిగా లేచే దెబ్బలకు కొంత మిగులు కావాలి కాబట్టి 40 వాట్ల యాంప్లిఫైయర్ తీసుకుంటే ఇంకో 16 డెసిబెళ్లు చేతిలో ఉంటాయి. ధ్వని మూడు డెసిబెళ్లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి గనుక 40కి బదులు 80 వాట్లకు డబ్బు పోస్తే దక్కేది ఆ మూడే.

ఊఫర్ విషయానికి వస్తే, వీణ అనుమంద్ర తంత్రి శ్రుతిని బట్టి 60 హెర్ట్జ్ (సెకనుకు 60 కంపనాలు) చుట్టుపక్కల పలుకుతుంది. నాలుగంగుళాల ఊఫర్ అంత కిందికి దిగలేదు. అయితే ఆధార స్వరంతో పాటు దాని పైన పలికే సన్నని అనుస్వరాలు సరిగా వినిపిస్తే మన చెవి లేని ఆధార స్వరాన్ని తానే ఊహించుకుంటుంది కాబట్టి చిన్న స్పీకర్లలో కూడా స్వరం గుర్తుపడతాము, బరువు మాత్రం తెలియదు. మీ గదికి అయిదుంబావు అంగుళాలది సరైన కొలత. ఎలాక్ డెబ్యూట్ బి5.2 గాని, వార్ఫ్‌డేల్ డైమండ్ వరుసలో ఇంచుమించు ఆ కొలత ఉన్నది గాని వినండి. ధరలు నెలనెలా మారుతుంటాయి కాబట్టి యాంప్లిఫైయరుకు పది పన్నెండు వేలు పక్కన పెట్టుకుని మిగిలినదానిలో చూడండి.

సిమెంటు అరలో మాత్రం పెట్టకండి. పేరులో పుస్తకాల అర ఉన్నంత మాత్రాన ఇవి అరలో ఇరికించడానికి చేసినవి కావు. గోడకు చేరువైనకొద్దీ మంద్ర ధ్వనులు ఉబ్బుతాయి, మూలకు చేరిస్తే మరీను. మృదంగం ఎడమచేతి నాదం మూకుడు మూసి కొట్టినట్టు ఉంటుంది. స్టాండ్ల మీద, వెనుక గోడకు కనీసం అడుగు దూరంలో, ట్వీటర్ (పై స్థాయి ధ్వనులు పలికే చిన్న భాగం) మీ చెవి ఎత్తున ఉండేలా నిలపండి. రెండు స్పీకర్లకూ మధ్య ఎంత దూరమో, ఒక్కొక్కదానికీ మీకూ మధ్య ఇంచుమించు అంతే ఉండాలి. మీ గదిలో తొమ్మిదడుగుల ఎడం పెడితే అవి మూలలకు చేరువవుతాయి కాబట్టి వాటిని ఏడడుగుల ఎడంలో పెట్టి, కుర్చీని ముందుకు జరుపుకోండి.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

నేను పాతికేళ్లుగా రేడియోలు, యాంప్లిఫైయర్లు బాగుచేస్తున్నాను గనుక, మన్నిక గురించి చెబుతాను. ఊఫర్ చుట్టూ కోన్‌ను పట్టి ఉంచే మెత్తని అంచు ఉంటుంది. అది రబ్బరుదైతే కొనండి, స్పాంజిదైతే వద్దు. మన డెల్టా గాలికి స్పాంజి అంచు కొన్నేళ్లలోనే పొడిపొడిగా రాలిపోతుంది. పైకి బాగున్నట్టు కనబడే పాత స్పీకర్లు సగం ధరకు వస్తున్నాయని కొని, వేలితో తాకగానే అంచు ఊడి వచ్చిందని నా దగ్గరికి తెచ్చినవారు చాలామంది. పెట్టె చెక్క కాదు, ఎండీఎఫ్, అంటే చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన పలక. అంచుల్లో తొడుగు లేచిందంటే అక్కడి నుంచి చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, కాబట్టి వెనుక పలకను కూడా చూసి మరీ తీసుకోండి. వర్షాకాలంలో ప్రతిరోజూ కాసేపు పాడించండి. ఆ కాస్త వేడికి యాంప్లిఫైయర్ లోపల చెమ్మ నిలవదు.

చాలామంది నవ్వే మాట ఒకటి చెప్పాలి: వెనుక గాలి గొట్టం (మంద్రం కోసం పెట్టెకు వదిలిన రంధ్రం) ఉన్న స్పీకర్లలో బల్లులు కాపురం పెడతాయి. గొట్టం ముందువైపు ఉన్నదైతే కంటికి కనబడుతూ ఉంటుంది. వెనుక ఉన్నదైతే పలచని దోమతెర ముక్క ఒకటి బిగించండి.

యాంప్లిఫైయర్ విడిగా ఉన్నదే కొనమంటాను. లోపలే ఉన్నవాటిలో బోర్డు కాలిపోతే ఆ బోర్డే కావాలి, అది దొరకకపోతే మంచి ఊఫర్లు ఉండి కూడా జత మొత్తం మూలన పడుతుంది. తీగకు వేలు పోయనవసరం లేదు, ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రెండు పోగుల రాగి తీగ పదిహేను అడుగుల వరకు హాయిగా సరిపోతుంది. ఎరుపు ఎరుపుకూ నలుపు నలుపుకూ కలిపారో లేదో రెండుసార్లు చూసుకోండి, ఎందుకంటే ఒక్క స్పీకరుకు తారుమారైతే గాత్రం గది మధ్యలో నిలవకుండా చెదిరిపోతుంది, మంద్రం పలచబడుతుంది, స్పీకరు మంచిది కాదని మనం తిట్టుకుంటాము.

జవాబు (భీమవరం నుంచి)

పై ఇద్దరి మాటలూ గౌరవిస్తూనే ఒకచోట విభేదిస్తున్నాను. మాస్టారి దగ్గర ఉన్నవి క్యాసెట్ల నుంచి వచ్చిన పాటలు. వాటిలో 15,000 హెర్ట్జ్ పైన సంగీతం దాదాపు ఉండదు, టేపు బుస మాత్రం ఉంటుంది. తళతళలాడే ట్వీటరుకు ఎక్కువ డబ్బు పెడితే ఆ బుసే ఎక్కువగా వినిపిస్తుంది. అందుకని యాంప్లిఫైయర్ లోపలే ఉన్న మధ్యస్థమైన జతతో మొదలుపెట్టి, మిగిలిన డబ్బు గది మీద ఖర్చు పెట్టడం మేలని నా అభిప్రాయం. ఎడిఫైయర్ ఆర్1280టి ఊఫర్ నాలుగంగుళాలదే అయినా, ఒక్క మీట తిప్పితే పాడుతుంది. ఇంట్లో మిగిలినవారు కూడా వాడుకోగలగడం చిన్న విషయం కాదు.

అసలు చిక్కు మీ గది కొలతల్లో ఉంది. పొడవూ వెడల్పూ ఒకటే అయితే రెండు దిశల్లోనూ ఒకే మంద్ర ధ్వని నిలబడిపోతుంది. 12 అడుగులకు అది సుమారు 47 హెర్ట్జ్. పది అడుగుల ఎత్తుకు ఇంకొకటి 56 దగ్గర చేరుతుంది. శ్లాబూ, ఇటుక గోడలూ దాన్ని బయటికి పోనివ్వవు. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టి చూడండి: వెనకాలే గలగలమని మోగితే, ఏ స్పీకరు తెచ్చినా ఆ గలగల గాత్రం మీద పడుతుంది. నేల మీద మందపాటి జంపఖానా, ఎదుటి గోడకు పుస్తకాల బీరువా, ఒక పక్క పరుపు వేసిన మంచం ఉంటే ఆ మోత చాలావరకు అణుగుతుంది. మంద్రం మాత్రం వీటికి లొంగదు, కుర్చీని గది నడిమధ్య నుంచి జరిపి చూడాలి. కింద పెంకుటి సావిడి ఏమైనా ఉందా?

ప్రశ్న వేసినవారి సమాధానం

సావిడి ఉందండీ, మా నాన్నగారి కాలం నాటిది, పదిహేడడుగుల పొడవు, పదకొండడుగుల వెడల్పు. మీ మాట చదివిన సాయంత్రమే మేడ మీద చప్పట కొట్టాను. రేకుల డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు మోగింది. సావిడిలో కొడితే ఆ ఒక్క శబ్దం తప్ప ఏమీ లేదు. ఆదివారం మా మేనల్లుడు తన అయిదంగుళాల జతను తెచ్చి రెండు చోట్లా వినిపించాడు. మేడ మీద ఒకే గమకాన్ని నాలుగు సార్లు విన్నా మృదంగం దాన్ని మింగేస్తూనే ఉంది. కింద అవే స్పీకర్లు, అదే యాంప్లిఫైయర్, అయినా మీటు తరవాత నాదం పెంకుల దాకా పోయి ఆరిపోవడం తెలిసింది. వాన పడితే పెంకుల చప్పుడు ఒకటి ఉంటుంది, దానికి నేను చేయగలిగింది లేదు.

మరమ్మతు చేసే పెద్దాయన మాట విని యాంప్లిఫైయర్ విడిగానే తీసుకుంటాను. వచ్చే వారం రాజమహేంద్రవరం వెళ్లి వినబోతున్నాను. దుకాణంలో ఏం చూసుకోవాలో ఒక్క ముక్క చెప్పండి.

జవాబు (కాకినాడ నుంచి)

మీ పాటలే పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లండి. దుకాణంవారు వేసే ఢాం ఢాం పాటలు వినకండి. మూడు చాలు: తంబురా శ్రుతి ఒక్కటే ఉన్న నిమిషం, ఒక వీణ ఆలాపన, బుస బాగా ఉన్న ఒక గాత్రం. తంబురాలో తీగ తీగకూ తేడా తెలియాలి, బుస పాటకు వెనకాలే ఉండిపోవాలి. రెండు జతలను పోల్చేటప్పుడు రెండూ ఒకే గట్టితనంతో పాడేలా చూసుకోండి, ఎందుకంటే కాస్త గట్టిగా పాడినదే మంచిదని చెవి మోసపోతుంది. ఫోన్‌లో ధ్వని కొలిచే యాప్ దీనికి సరిపోతుంది. అలాగే, గది మారితే ధ్వనిలో ఎంత తేడా వచ్చిందో చూశారు కాబట్టి, ఇంట్లో విని నచ్చకపోతే వారంలోగా మార్చుకోవడానికి ఒప్పుకుంటారా అని డబ్బు ఇచ్చేముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

సావిడిలో పెడుతున్నారు కాబట్టి ఇంకొకటి. పిడుగులు పడే రోజుల్లో వినడం అయిపోగానే ప్లగ్గు తీసేయండి, స్విచ్ ఆపి ఊరుకోవద్దు. స్టాండ్లు ఇనుపవైతే అడుగున రబ్బరు బిళ్లలు వేయించండి, జల్లు పడిన నేల మీద తుప్పు మరకలు పడితే ఇంట్లో వాళ్ల చేత మాట పడాల్సి వస్తుంది.