ఆర్‌సీ 390కి స్లిప్-ఆన్ సైలెన్సర్ చాలా, ఫుల్ సిస్టమ్ వేయాలా? బెజవాడ, గుంటూరు రైడర్లు చెప్పండి

బెజవాడ_ఆర్‌సీ

అందరికీ నమస్తే. నాది 2022 మోడల్ కేటీఎం ఆర్‌సీ 390, బీఎస్6 బండి. ఉండేది పటమటలో, ఆఫీసు మంగళగిరిలో, కాబట్టి రోజూ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్, వారధి, తర్వాత హైవే. సెలవు దొరికితే కొండవీడు ఘాట్ రోడ్డు. వారంటీ అయిపోయింది కాబట్టి ఆ టెన్షన్ లేదు. స్టాక్ (కంపెనీతో వచ్చిన) సైలెన్సర్ బరువు తగ్గించాలి, మిడ్ రేంజ్‌లో ఇంకాస్త పికప్ రావాలి, సౌండ్ కూడా కొంచెం గంభీరంగా ఉంటే బాగుంటుంది.

మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒక షాపులో అక్రపోవిచ్ పేరున్న పైపు నాలుగు వేలకే ఇస్తామంటున్నారు, చూడటానికి అచ్చం అలాగే ఉంది. రెండోది మన దేశంలోనే తయారయ్యే స్లిప్-ఆన్. మూడోది, ఫ్రెండ్ దగ్గర వాడిన ఫుల్ సిస్టమ్, అంటే ఇంజిన్ నుంచి వచ్చే బెండ్ పైపుతో సహా మొత్తం సెట్. ఫుల్ సిస్టమ్ వేస్తే రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో పెట్రోలు లెక్క మార్చడం) తప్పదా? ట్రాఫిక్‌లో లో-ఎండ్ (తక్కువ ఆర్‌పీఎమ్‌లో లాగే శక్తి) పడిపోతుందా? పోలీసుల సంగతేంటి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి అన్నా.

గుంటూరు_పిస్టన్

తమ్ముడూ, ముందు నాలుగు వేల పైపు సంగతి మర్చిపో. అక్రపోవిచ్ స్లొవేనియాలో తయారవుతుంది, టైటానియంతో, కార్బన్‌తో చేసే సరుకు, ఆ ధరకు దాని బ్రాకెట్ కూడా రాదు.

స్లిప్-ఆన్ అంటే చివర ఉండే డబ్బా ఒక్కటే మారుతుంది. ఇంజిన్ నుంచి వచ్చే బెండ్ పైపు, ఆక్సిజన్ సెన్సర్ అలాగే ఉంటాయి. పొగలోని విషవాయువుల్ని తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్ ఎక్కడుందో మాత్రం కొనే ముందే బండి కింద వంగి చూడు. ఇంజిన్ కింద పైపు మధ్యలో ఉబ్బుగా ఉన్న భాగంలో ఉంటే స్లిప్-ఆన్ వేసినా అది మిగులుతుంది. చివరి డబ్బాలోనే ఉంటే డబ్బాతో పాటే పోతుంది, పొల్యూషన్ టెస్టులో కార్బన్ మోనాక్సైడ్ రీడింగ్ దగ్గరే దొరికిపోతావు.

పవర్ విషయం నిజం చెప్తున్నా. 373 సీసీ సింగిల్ సిలిండర్, కంపెనీ లెక్కలో 9,000 ఆర్‌పీఎమ్ దగ్గర 43.5 పీఎస్. స్లిప్-ఆన్ ఒక్కదానితో దీనికి మహా అయితే ఒకటి రెండు హార్స్‌పవర్ పెరుగుతుంది, అది కూడా పై ఆర్‌పీఎమ్‌లోనే. బరువు తగ్గడం మాత్రం చేతికి తెలుస్తుంది, స్టాక్ డబ్బా విప్పినప్పుడు కాటా మీద పెట్టి చూసుకో.

ఫుల్ సిస్టమ్ కథ వేరు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే వేడి గ్యాసు ఒక అలలా పైపులోకి వెళ్తుంది, ఆ అల పైపు వెడల్పయ్యే చోట వెనక్కి తిరిగి, సరైన క్షణంలో వాల్వ్ దగ్గరికి చేరితే సిలిండర్‌లో మిగిలిన పొగను బయటికి లాగుతుంది. ఆ సరైన క్షణం ఏ ఆర్‌పీఎమ్‌లో రావాలో పైపు పొడవు, వ్యాసం నిర్ణయిస్తాయి. ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ (పైపులో పొగకు ఎదురయ్యే ఒత్తిడి) కావాలని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. ఇంజిన్‌కి కావాల్సింది గ్యాసు వేగం. లావు బెండ్ పైపు వేస్తే కింది ఆర్‌పీఎమ్‌లో ఆ వేగం పడిపోతుంది, అదే నువ్వు అడిగిన లో-ఎండ్ లాస్. రోజూ బెంజ్ సర్కిల్‌లో ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకే బండికి 9,000 దగ్గర పెరిగిన పవర్ ఎందుకు?

రీమ్యాప్ లేకుండా ఫుల్ సిస్టమ్ వేయొద్దు, ఇందులో రెండో మాట లేదు. ఒక వంతు పెట్రోలుకు బరువులో 14.7 వంతుల గాలి అనేది లెక్క. నిలకడ స్పీడులో వెళ్తున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోలు సరిచేస్తుంది కానీ, థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు దానికి ముందే రాసిపెట్టిన పట్టికే దిక్కు. పైపు ఫ్రీగా మారి పట్టిక పాతదే అయితే మిశ్రమం లీన్ అయి, అంటే గాలికి తగ్గ పెట్రోలు లేక, ఇంజిన్ వేడెక్కుతుంది, అసలే మన మే నెల ఎండలు. బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్ల పవర్‌ట్రానిక్ లాంటి పిగ్గీబ్యాక్ ఈసీయూలు (అసలు ఈసీయూకి తోడుగా తగిలించేవి) ఉన్నాయి, దానితో పాటు డైనో ట్యూనింగ్ (బండిని రోలర్ మీద నడిపి పవర్ కొలుస్తూ సరిచేయడం) ఖర్చు కూడా కలుపుకో.

ఆటోనగర్_వెల్డర్

పైన అన్న చెప్పింది కరెక్టే, నేను పైపుల పని వైపు నుంచి చెప్తా. చీప్ డబ్బాల్లో లోపల చుట్టే గ్లాస్ ఊల్ నాసిరకం, కొన్ని నెలలకే కాలిపోయి తునకలుగా వెనక నుంచి ఎగిరిపోతుంది, అప్పటినుంచి బండి పెద్దగా అరుస్తుంది. కొనేటప్పుడు డబ్బా చివర రివెట్లతో ఉందా చూడండి, రివెట్లుంటే విప్పి ఊల్ మళ్లీ నింపొచ్చు. స్టీల్ 304 గ్రేడ్ అయితే తుప్పుకి తట్టుకుంటుంది. హ్యాంగర్ బ్రాకెట్ సరిగ్గా కూర్చోకపోతే బలవంతంగా బిగించొద్దు, ఆ ఒత్తిడికి బెండ్ పైపు వెల్డింగ్ దగ్గర చీలుతుంది. ఇలా చీలిన బళ్లు మా దగ్గరికి తరచూ వస్తాయి.

నన్నడిగితే పికప్ కోసమైతే వెనక స్ప్రాకెట్‌కి (చైన్ తిరిగే పళ్ల చక్రానికి) ఒకటి రెండు పళ్లు పెంచండి. టాప్ స్పీడ్ కాస్త తగ్గుతుంది, ఊళ్లో మాత్రం తేడా బాగా తెలుస్తుంది, ఖర్చు కూడా పైపుతో పోలిస్తే చాలా తక్కువ.

సూర్యారావుపేట_వాసి

పోలీసుల గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారికే మూడు నెలల వరకు జైలు గానీ, 10,000 వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు, పైగా లైసెన్సు మీద మూడు నెలల అనర్హత. బండిని అనుమతి లేకుండా మార్చినందుకు 182ఎ(4) వేరే ఉంది. 175 సీసీ దాటిన బైక్‌కి తయారీ దశలో 80 డెసిబెల్స్ పరిమితి. స్లిప్-ఆన్ అయినా ఫుల్ సిస్టమ్ అయినా చట్టం దృష్టిలో మార్పు మార్పే, పెట్టెలో వచ్చిన యూరప్ ఈ-మార్క్ (అక్కడి ఆమోద ముద్ర) కాగితం చూపిస్తే ఇక్కడ వదలరు. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పని మార్పు ఉంటే క్లెయిమ్ దగ్గర కూడా పేచీ వస్తుంది.

మా వీధి నిండా ఆసుపత్రులే. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్, రాత్రి పరిమితి 40 డెసిబెల్స్. ఆపరేషన్ అయి పడుకున్న మనిషి కిటికీ కింద డీబీ కిల్లర్ (సైలెన్సర్ చివర సౌండ్ తగ్గించే ముక్క) తీసేసిన బండి వెళ్తే ఆ గుండె ఎలా అదురుతుందో పక్కన కూర్చున్నవాళ్లకు తెలుసు. దయచేసి మీరు ఏది వేసినా ఆ డీబీ కిల్లర్ మాత్రం తీయకండి.

బెజవాడ_ఆర్‌సీ

అందరికీ థాంక్స్. ఇప్పుడే చూశాను, నా బండికి ఇంజిన్ కిందే ఆ ఉబ్బు ఉంది. ఫ్రెండ్ ఫుల్ సిస్టమ్ వద్దని చెప్పేశాను. డీబీ కిల్లర్‌తోనే ఉంచుతాను మేడమ్. పిస్టన్ అన్నా, ఒక డౌట్, స్లిప్-ఆన్ వేసినవాళ్లకు థ్రాటిల్ వదలగానే పటపటా పేలుతుందిగా, అది లీన్ అయినట్టేనా?

గుంటూరు_పిస్టన్

ప్రతిసారీ కాదు. థ్రాటిల్ మూసినప్పుడు కాలకుండా మిగిలిన కాస్త పెట్రోలు వేడి పైపులో గాలి తగిలి అంటుకుంటుంది. ఆ గాలి ఎక్కువగా జాయింట్ లీకు నుంచే వస్తుంది. అందుకే స్లిప్-ఆన్ బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్ (జాయింట్ సీల్) వాడనివ్వకు, కొత్తది అడుగు. బిగించాక చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి జాయింట్ చుట్టూ, కాస్త ఎడంగా, చెయ్యి తిప్పి చూడు, గాలి తగిలితే క్లాంప్ మళ్లీ సరిచేయించు. జాయింట్ బాగానే ఉండి కూడా పేలుళ్లు గట్టిగా వస్తుంటే, లేదా చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే, అప్పుడు స్కాన్ చేయించు.

కానీ నీ స్థానంలో నేనుంటే ముందు వెల్డర్ చెప్పిన స్ప్రాకెట్ వేయించి కొన్నాళ్లు నడుపుతాను. పికప్ అక్కడే సరిపోతే స్లిప్-ఆన్ డబ్బు టైర్లకు వాడుకోవచ్చు, కొండవీడు మలుపుల్లో పనికొచ్చేది అదే. లేదు, వేయాల్సిందే అనుకుంటే స్టాక్ సైలెన్సర్ పారేయకు, ఎవరికీ అమ్మకు. బండి అమ్మే రోజు కొనేవాడు మొదట అడిగేది దాన్నే.