ఫాల్ట్ 'క్రీప్' అవుతోందంటే తెలుగులో ఏమనాలి?

అందరికీ నమస్కారం. మేముండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఈ ఊళ్ళోంచే హేవర్డ్ ఫాల్ట్ పోతుంది. ఫాల్ట్ అంటే రెండు పక్కల రాతినేల ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదిలే పెద్ద పగులు. ఆదివారం తెలుగు తరగతిలో పిల్లలకి దీని గురించి చెబుదామని కూర్చుంటే మాటల దగ్గరే ఆగిపోయాను. ఫాల్ట్‌కి 'భ్రంశం' ఉంది. స్థానభ్రంశం, మతిభ్రంశం విన్న చెవికి అది కొత్త కాదు, ఉన్నచోటు తప్పడం అని తెలిసిపోతుంది. చిక్కంతా 'క్రీప్' దగ్గరే. భూకంపం లేకుండానే ఈ భ్రంశానికి అటూ ఇటూ ఉన్న నేల ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్లు కదులుతోంది. మా వీధి మలుపులో కాలిబాట సిమెంటు అంచు మేం వచ్చినప్పుడు తిన్నగా ఉండేది. ఇప్పుడు విరిగి, అవతలి ముక్క మూడువేళ్ళ వెడల్పున కుడికి పోయింది. ఇటు నిలబడితే అటుది కుడికి, అటు నిలబడితే ఇటుది కుడికి. 'పాకడం' అందామంటే చంటిపిల్లాడు గుర్తొస్తున్నాడు. మీరేమంటారు?

జవాబు: 'విసర్పణం' అనొచ్చండీ. పాకడం అన్న అర్థమే, శాస్త్రానికి తగ్గ గాంభీర్యం ఉంటుంది.

జవాబు: పెద్దవారు, మన్నించాలి. ఆయుర్వేదంలో విసర్పం చర్మవ్యాధి పేరు, పిల్లలకి అసలు అందదు. ఉపగ్రహ రాడార్ చిత్రాల్లో ఈ కదలికలు కొలవడమే నా పని. నా ఓటు 'జరుగుడు'కి. బస్సులో పక్కవారిని "కొంచెం జరగండి" అంటాం కదా. వాళ్ళు లేవరు, గెంతరు, కూర్చున్నచోటే కాస్త పక్కకి వెళ్తారు. క్రీప్ అచ్చంగా అదే. భూకంపంలో మాత్రం నేల ఒక్కసారిగా 'జారుతుంది'.

ఇంకో మాట కూడా తేల్చుకోవాలి. 'లాక్డ్' అంటే తాళం వేసిన భ్రంశం అని రాయకండి. నడుం పట్టేసింది, నట్టు పట్టేసింది అంటాం చూడండి, ఇదీ 'పట్టేసిన' భ్రంశం. హేవర్డ్ పైపైన జరుగుతున్నా లోతున చాలా మేర పట్టేసే ఉంది. 1868 అక్టోబర్ 21న అది జారినప్పుడు సుమారు 6.8 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు 30 మంది చనిపోయారు. అందుకే ఎక్కడ జరుగుతోందో, ఎక్కడ పట్టేసిందో విడిగా తెలుసుకోవడానికి ఇంత తాపత్రయం.

జవాబు: 'జరుగు' అంటే సంభవించు అని కూడా కదండీ, తికమక రాదా?

జవాబు: రాదండీ. మనకి భూకంపం 'వస్తుంది', నేల 'జరుగుతుంది'. "భూకంపం రాకుండానే నేల జరుగుతోంది" అనండి, ఎవరికైనా అర్థమవుతుంది.

జవాబు: మా తెలంగాణల 'జరుగుడు' రోజూ అనే మాటనే. "జర జరుగు" అంటే ఎంత జరగాల్నో కూడా అందులనే ఉంది! గని అంత ఎత్తునుంచి మిల్లీమీటర్లు ఎట్ల తెలుస్తయి సార్?

జవాబు: ఒకే చోటిని రెండు వేర్వేరు రోజుల్లో రాడార్‌తో చూసి, తిరిగొచ్చిన తరంగాలని పోలుస్తాం. సెంటినెల్-1 అనే ఐరోపా రాడార్ ఉపగ్రహం తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లు. నేల ఉపగ్రహానికి 2.8 సెంటీమీటర్లు దగ్గరైతే, పోనూ రానూ కలిపి దారి ఒక తరంగమంత తగ్గుతుంది, చిత్రంలో రంగులు ఒక చుట్టు తిరుగుతాయి. దీన్ని 'ఫ్రింజ్' అంటారు, నేను 'రంగుచుట్టు' అంటాను. అంచు, కుచ్చు అంటే చీర గుర్తొస్తుంది. ఏడాదికి 5 మిల్లీమీటర్లంటే చుట్టులో చిన్న ముక్కే, అందుకే ఏళ్ళ తరబడి చిత్రాలు పేరుస్తాం. అప్పుడు కూడా గాలిలోని తేమ తరంగాన్ని ఆలస్యం చేసి నేల కదిలినట్టు చూపిస్తుంది. కాబట్టి మీ వీధిలో విరిగిన ఆ సిమెంటు అంచు మాకు ఎంతో విలువైన సాక్ష్యం, దాన్ని కొలిచి చూసుకున్నాకే ధైర్యంగా మాట్లాడతాం. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన నాసా-ఇస్రో ఉపగ్రహం నైసార్‌లో నాసా రాడార్ తరంగం దాదాపు 24 సెంటీమీటర్లు, చెట్లున్న చోట కూడా బాగా పనికొస్తుంది.

అందరికీ ధన్యవాదాలు. తరగతి గోడమీద ఇలా రాశాను: "పైన జరుగుతోంది. లోపల పట్టేసి ఉంది." వచ్చే ఆదివారం పిల్లల్ని స్కేలుతో సహా ఆ మలుపు దగ్గరికే తీసుకెళ్తున్నాను. కొలత, తేదీ నోటుబుక్కులో రాయిస్తాను, వచ్చే ఏడాది మళ్ళీ అక్కడే కొలవాలి.